సూరత్‌లో తెలుగు కుటుంబాల భద్రత: ఆత్మరక్షణకు ఏది కొనాలి, ఏది కొనకూడదు, చట్టం ఏమంటోంది?

సూరత్‌లోని లింబాయత్, ఉధనా, పాండేసరా ప్రాంతాల్లో మరమగ్గాలు పగలూ రాత్రీ నడుస్తాయి. పన్నెండేసి గంటల రెండు షిఫ్టులు. సాయంత్రం షిఫ్టు మారగానే మగవాళ్లు కార్ఖానాలకు వెళ్లిపోతారు. ఒకటి రెండు గదుల ఇళ్లలో ఆడవాళ్లు, పిల్లలు, పెద్దవాళ్లు మిగులుతారు. పాత కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి దశాబ్దాల క్రితం వలస వచ్చిన పద్మశాలి కుటుంబాల్లో చాలామందిది ఇదే జీవితం. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు కూడా నడిపేంతగా ఇక్కడ తెలుగువారు స్థిరపడ్డారు.

ఇలాంటి ఇళ్లలో తరచూ వినిపించే ప్రశ్న ఒకటే. రాత్రి పూట ఎవరైనా తలుపు కొడితే, దారిలో ఎవరైనా వెంటపడితే చేతిలో ఏం ఉండాలి? ఆన్‌లైన్‌లో వెతికితే పెప్పర్ స్ప్రే నుంచి కరెంటు షాక్ ఇచ్చే టార్చిలైట్ల దాకా వందల వస్తువులు కనిపిస్తాయి. వాటిలో నిజంగా పనికొచ్చేవి కొన్నే. కొన్ని వృథా. కొన్ని కొన్నవాళ్లనే కేసుల్లో ఇరికిస్తాయి. ఏది ఎందుకు పనికొస్తుంది, దేన్ని ఎలా వాడాలి, చట్టం ఎంతవరకు అండగా ఉంటుంది అనే విషయాలు ఈ కథనంలో చూద్దాం.

ముందు ప్రమాదం ఏమిటో తేల్చుకోవాలి

ఆత్మరక్షణ సాధనం అనగానే చీకటి సందులో ఎదురయ్యే అపరిచితుడు గుర్తుకొస్తాడు. లెక్కలు వేరే కథ చెబుతాయి. జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటా ఇచ్చే నివేదికల ప్రకారం అత్యాచారం కేసుల్లో 90 శాతానికి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవాళ్లే. మహిళలపై నమోదయ్యే నేరాల్లో అన్నిటికన్నా పెద్ద వాటా భర్త, అతని బంధువుల వేధింపులది. పర్సులో ఉన్న స్ప్రే ఈ రెండు సందర్భాల్లోనూ పెద్దగా అక్కరకు రాదు.

సూరత్ నగరాన్నే కుదిపేసిన ఘటన ఒకటి ఇదే చెబుతుంది. 2022 ఫిబ్రవరి 12న కామ్‌రేజ్ సమీపంలోని పాసోదరాలో ఒక కాలేజీ విద్యార్థినిని, కొంతకాలంగా వెంటపడి వేధిస్తున్న యువకుడు ఆమె ఇంటి దగ్గరే, కుటుంబ సభ్యులు, ఇరుగుపొరుగు చూస్తుండగా కత్తితో చంపాడు. అడ్డుకోబోయిన బంధువులూ గాయపడ్డారు. విచారణ వేగంగా సాగి, అదే ఏడాది మే 5న సూరత్ సెషన్స్ కోర్టు అతనికి మరణశిక్ష విధించింది. కత్తి మెడ మీదకు వచ్చిన క్షణంలో ఏ సాధనమూ నమ్మదగినది కాదు. వెంటపడటం మొదలైన తొలి వారాల్లోనే ఫిర్యాదు ఇవ్వడమే అలాంటి చోట అసలైన రక్షణ. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 78 ప్రకారం అమ్మాయి వద్దన్నా పదే పదే వెంటపడటం, ఫోన్‌లో, ఇంటర్నెట్‌లో ఆమె కదలికల మీద కన్నేయడం నేరం. మొదటిసారి మూడేళ్ల వరకు, మళ్లీ చేస్తే ఐదేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు.

కాబట్టి ఏదైనా కొనే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. భయం ఇంట్లోనా, దారిలోనా, పని చేసే చోటా? ఎదుటివాడు తెలిసినవాడా, కాదా? సాయం చేసే మనిషి ఎంత దూరంలో ఉన్నాడు? వీటికి వచ్చే జవాబును బట్టే సాధనాన్ని ఎంచుకోవాలి.

మొదటి సాధనం ఫోన్

పైసా ఖర్చు లేనిది, అందరి దగ్గరా ఉన్నది ఫోన్. చాలామంది దాన్ని ముందుగా సిద్ధం చేసి పెట్టుకోరు.

112: దేశమంతటికీ ఒకే అత్యవసర నంబరు. పోలీసు, అంబులెన్స్, అగ్నిమాపక సేవలు మూడూ దీని ద్వారా అందుతాయి. ఇప్పటి ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఎమర్జెన్సీ ఎస్ఓఎస్ ఆన్ చేసుకుంటే, పవర్ బటన్‌ను వరుసగా నొక్కగానే కాల్ వెళ్తుంది. సాధారణంగా ఐదుసార్లు నొక్కాలి, కొన్ని ఫోన్లలో మూడుసార్లు చాలు. ఐఫోన్‌లోనూ పక్కనున్న బటన్‌తో ఈ సదుపాయం ఉంది. బటన్లున్న మామూలు ఫోన్లలో 5 లేదా 9 అంకెను కాసేపు నొక్కి పట్టుకోవాలి. తమ ఫోన్‌లో ఇది ఎలా పని చేస్తుందో ఇంట్లో ప్రతి ఒక్కరూ ముందే చూసి పెట్టుకోవాలి.

181 అభయం: గుజరాత్ మహిళా హెల్ప్‌లైన్. 2015 మార్చి 8 నుంచి రాష్ట్రమంతటా పని చేస్తోంది. ఫోన్ చేస్తే కౌన్సెలర్, మహిళా పోలీసు ఉన్న వాహనం ఇంటికే వస్తుంది. గృహహింస, వేధింపులు, వెంటపడటం వంటి వాటికి 112 కన్నా ఇదే సరైన దారి. దీని నిర్వహణలో ఉన్నది 108 అంబులెన్సులతో తెలుగువారికి పరిచయమైన, హైదరాబాద్‌లో పుట్టిన ఈఎంఆర్ఐ సంస్థే.

139: రైల్వే హెల్ప్‌లైన్. సూరత్ నుంచి వరంగల్, విజయవాడ వైపు వెళ్లే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ లాంటి రైళ్లలో ఒంటరిగా ప్రయాణించే ఆడవాళ్లకు ఇది ముఖ్యం. మహిళా ప్రయాణికుల కోసం రైల్వే రక్షణ దళం 2020లో ‘మేరీ సహేలీ’ అనే కార్యక్రమం మొదలుపెట్టింది.

పిల్లలకు 1098, ఆన్‌లైన్ మోసాలకు 1930.

భాషను కూడా ఒక సాధనంగానే చూడాలి. కొత్తగా ఊరి నుంచి వచ్చిన కోడలికి గుజరాతీ రాదు, హిందీ అంతంత మాత్రం. కంగారులో తెలుగు తప్ప ఏదీ నోటికి రాదు. అందుకే ఇంటి చిరునామా, సొసైటీ పేరు, దగ్గరి గుర్తు హిందీలోనో గుజరాతీలోనో రాసి తలుపు వెనక అతికించాలి. నాలుగు మాటలు నేర్పి పెట్టాలి. ‘బచావో’ అంటే కాపాడండి. ‘మదద్ కరో’ అంటే సాయం చేయండి. ‘మారో పీఛో కరే ఛే’ అంటే నా వెంటపడుతున్నాడు. ‘ఆగ్’ అంటే నిప్పు.

రాత్రి షిఫ్టు నుంచి ఒంటరిగా వచ్చేవాళ్లు వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ పంపవచ్చు. 15 నిమిషాలు, గంట, 8 గంటలు అని మూడు వ్యవధులు ఉంటాయి. చూసే మనిషి మెలకువగా ఉంటేనే దానికి అర్థం ఉంటుంది. ఎవరు చూస్తారో ముందే అనుకోవాలి.

శబ్దం చేసేవి: ఈల, పర్సనల్ అలారం

దాడి చేసేవాడు కోరుకునేది చాటు, కావలసినంత సమయం. శబ్దం ఆ రెండూ లేకుండా చేస్తుంది. లింబాయత్ గల్లీల్లో ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. ఒక్క కేక పది ఇళ్లకు వినిపిస్తుంది. కానీ భయంలో గొంతు పెగలదు. అందుకే ఈల మంచి సాధనం. ఖరీదు పది ఇరవై రూపాయలు. బ్యాటరీ అక్కర్లేదు, లైసెన్స్ అక్కర్లేదు, పిల్లలూ ముసలివాళ్లూ వాడగలరు.

పిన్ను లాగితే మోగే పర్సనల్ అలారాలు కొన్ని వందల రూపాయల్లో దొరుకుతాయి. 120 డెసిబెల్స్‌కు పైగా మోగుతుందని వాటి డబ్బా మీద రాసి ఉంటుంది. కొనేటప్పుడు చూడాల్సినవి మూడు. పిన్ను తిరిగి పెడితే తప్ప ఆగకూడదు. బ్యాటరీ మార్చుకునే వీలుండాలి. బ్యాగు లోపల కాకుండా బయట తగిలించుకునే కొక్కెం ఉండాలి. నెలకోసారి మోగించి చూడాలి.

ఒక హెచ్చరిక. మరమగ్గాల షెడ్ల మధ్య ఆ చప్పుడులో ఈలగానీ అలారంగానీ వినిపించడం కష్టం. అలాంటి దారుల్లో నడిచేవాళ్లు వెలుతురు ఉన్న దారినీ, తోడు ఉన్న సమయాన్నీ ఎంచుకోవాలి. ఒకే షిఫ్టు ఆడవాళ్లు నలుగురు కలిసి నడవడం ఏ అలారం కన్నా మేలు.

వెలుతురు: టార్చి

మంచి ఎల్ఈడీ టార్చి రెండు పనులు చేస్తుంది. దూరం నుంచే ఎవరున్నారో చూపిస్తుంది. చీకట్లో కళ్లలోకి కొడితే ఎదుటివాడికి కొద్ది క్షణాలు ఏమీ కనబడదు. ఆ క్షణాలు పారిపోవడానికి సరిపోతాయి. చేతిలో టార్చి ఉన్నందుకు ఎవరూ తప్పుపట్టరు. మెట్రోలో, మాల్‌లో, కార్ఖానా గేటు దగ్గర ఎవరూ ఆపరు. వెనక ఉన్న బటన్‌తో వెలిగే, అరచేతిలో ఇమిడే రకం తీసుకోవాలి.

పెప్పర్ స్ప్రే: ఎలా పని చేస్తుంది, ఎక్కడ పని చేయదు

మన దేశంలో సామాన్యులు లైసెన్స్ లేకుండా కొనుక్కోగలిగే సాధనాల్లో ఎక్కువ ప్రభావం ఉన్నది పెప్పర్ స్ప్రే. మిరపకాయల ఘాటుకు కారణమైన క్యాప్సైసిన్ ఉండే నూనెలాంటి సారం అందులో ఉంటుంది. ముఖానికి తగలగానే కళ్లు వాటంతటవే మూసుకుపోతాయి, దగ్గు వస్తుంది, ఊపిరి ఆడనట్టు అనిపిస్తుంది. సాధారణంగా అరగంట, ముప్పావు గంటలో తగ్గుతుంది. ధర సుమారు 200 నుంచి 500 రూపాయలు. చిన్న డబ్బాలు ఆరు నుంచి పది అడుగుల దూరం పని చేస్తాయి.

దాని బలం ఎంతో, బలహీనత ఎంతో తెలుగువారు టీవీలో ప్రత్యక్షంగా చూశారు. 2014 ఫిబ్రవరి 13న లోక్‌సభలో ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లు ప్రవేశపెడుతున్నప్పుడు అప్పటి విజయవాడ ఎంపీ లగడపాటి రాజగోపాల్ పెప్పర్ స్ప్రే కొట్టారు. క్షణాల్లో సభ అంతా దగ్గుతో నిండిపోయింది. మిత్రులు, ప్రత్యర్థులు అన్న తేడా లేకుండా సభ్యులు బయటికి పరుగులు తీశారు. కొందరిని ఆసుపత్రికి తరలించాల్సి వచ్చింది. ఆత్మరక్షణ కోసమే వాడానని ఆయన చెప్పుకున్నారు. ఆ రోజు నేర్పిన పాఠం మాత్రం ఒకటే. మూసి ఉన్న గదిలో స్ప్రే కొడితే అది కొట్టినవాళ్లనూ వదలదు. లోక్‌సభ లాంటి విశాలమైన హాలులోనే అలా జరిగితే పదడుగుల గదిలో, ఆటోలో, లిఫ్టులో, రైలు పెట్టెలో ఏమవుతుందో ఊహించవచ్చు. పక్కన పసిపిల్లలు, ఉబ్బసం ఉన్నవాళ్లు ఉంటే మరీ ప్రమాదం.

అందువల్ల పెప్పర్ స్ప్రే వీధికి మంచిది, ఇంటి లోపలికి కాదు. కొనేటప్పుడు, వాడేటప్పుడు గుర్తుంచుకోవాల్సినవి ఇవి.

పొగలా విరజిమ్మే రకం కన్నా సన్నని ధారలా వచ్చే రకం, జెల్ రకం గాలికి తక్కువగా చెదురుతాయి. తాపీ నది వైపు నుంచి గాలి బాగా వీచే చోట ఈ తేడా తెలుస్తుంది. గురి మాత్రం కుదరాలి.

డబ్బా మీద గడువు తేదీ చూడాలి. గడువు దాటితే లోపలి ఒత్తిడి తగ్గి, నొక్కినా సరిగ్గా బయటికి రాదు.

సూరత్ ఎండలో స్కూటీ డిక్కీలో ఉంచకూడదు. ఒత్తిడితో నింపిన డబ్బా వేడికి పగలవచ్చు.

హ్యాండ్‌బ్యాగు అడుగున ఉన్న స్ప్రే లేనట్టే లెక్క. దారిలో నడిచేటప్పుడు చేతిలోనే ఉండాలి. కొన్న రోజే ఆరుబయట, గాలి వాటం చూసుకుని ఒక్కసారి నొక్కి చూడాలి. లాక్ ఎటు తిరుగుతుందో చీకట్లో కూడా వేలికి తెలియాలి.

ముఖం మీద ఒకటి రెండు క్షణాలు కొట్టి వెంటనే పక్కకు తప్పుకుని పరుగెత్తాలి. పడ్డాడా లేదా అని నిలబడి చూడకూడదు.

పొరపాటున మనకే తగిలితే కళ్లు నలపకూడదు. గాలి ఆడే చోటికి వచ్చి, కళ్లు ఆర్పుతూ ఎక్కువ నీళ్లతో కడగాలి. చర్మాన్ని సబ్బుతో కడగాలి. అది నూనె పదార్థం కాబట్టి ఉత్త నీళ్లకు త్వరగా పోదు.

విమానంలో చేతి సంచిలోగానీ, లగేజీలోగానీ పెప్పర్ స్ప్రేను అనుమతించరు. మెట్రోల నిబంధనలు ఊరికో రకం. హైదరాబాద్ శివార్లలో 2019 నవంబరులో జరిగిన ‘దిశ’ ఘటన తర్వాత, ఆ డిసెంబరులో హైదరాబాద్ మెట్రో మహిళలను పెప్పర్ స్ప్రే తీసుకెళ్లనిచ్చింది.

కారం పొడి సంగతేమిటి?

తెలుగింట్లో ఎప్పుడూ ఉండేది కారం డబ్బా. చాలామంది ఆడవాళ్లు పొట్లం కట్టి బ్యాగులో పెట్టుకుంటారు. ఏమీ లేనిదానికన్నా అది నయమే కానీ స్ప్రేకు సాటి రాదు. పొడిని మూడు నాలుగడుగుల కన్నా దూరం విసరలేం. ఎదురుగాలి ఉంటే మన కళ్లలోనే పడుతుంది. పొట్లం విప్పే సమయం దొరకదు. చెమట పట్టిన చేతితో తర్వాత మన కళ్లే తుడుచుకుంటాం. వంటింట్లో నీళ్లలో కారం కలిపి సీసాలో పోసుకునే పద్ధతి అంతకన్నా దండగ. పొడి అడుగున పేరుకుని నాజిల్ మూసుకుపోతుంది.

కత్తి, కర్ర, షాక్ టార్చి: ఎందుకు వద్దు

కత్తి: తర్ఫీదు లేని చేతిలో కత్తి ఎదుటివాడికి ఆయుధం అవుతుంది. బలం ఎక్కువ ఉన్నవాడు లాక్కుంటాడు. చట్టం కూడా అడ్డు వస్తుంది. ఆయుధాల నిబంధనలు 2016 ప్రకారం 9 అంగుళాల కన్నా పొడవైన, లేదా 2 అంగుళాల కన్నా వెడల్పైన బ్లేడున్న కత్తులు ఆయుధాల జాబితాలోకి వస్తాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి, పరిశ్రమకు తయారైనవి అందులోకి రావు. దానికి తోడు గుజరాత్ పోలీసు చట్టం సెక్షన్ 37 కింద పోలీసు కమిషనర్ ప్రకటన ఇచ్చి కత్తులు, లాఠీలు, కర్రలు, దెబ్బ తీయడానికి పనికొచ్చే ఇతర వస్తువులు బహిరంగంగా పట్టుకు తిరగడాన్ని కొంతకాలం నిషేధించవచ్చు. పండగలు, ఎన్నికల సమయాల్లో ఇలాంటి ప్రకటనలు మామూలే. ఆ రోజుల్లో బ్యాగులో చాకు దొరికితే ‘ఆత్మరక్షణకే’ అన్న జవాబు సరిపోదు.

షాక్ ఇచ్చే టార్చిలు: చిటపటమని మెరుపులు వస్తాయి కాబట్టి వీడియోల్లో బాగుంటాయి. పని చేయాలంటే ఒంటికి ఆనించి కొన్ని క్షణాలు పట్టి ఉంచాలి. అంటే దాడి చేసేవాడికి చేతికందేంత దగ్గరగా వెళ్లాలి. మందపాటి బట్ట అడ్డం ఉంటే షాక్ తగలదు. దూరంగా ఉండటమే రక్షణ అయిన చోట దగ్గరికి తీసుకెళ్లే సాధనం ఎందుకు?

తుపాకీ: లైసెన్స్ లేకుండా తుపాకీ ఉంచుకోవడం ఆయుధాల చట్టం 1959 కింద తీవ్రమైన నేరం. మహిళల కోసమంటూ కాన్పూర్ ఫ్యాక్టరీ 2014లో ‘నిర్భీక్’ అనే అర కిలో బరువున్న రివాల్వర్ తెచ్చింది. ధర లక్ష రూపాయలు దాటింది. దానికీ లైసెన్స్ తప్పదు. ఒకే గదిలో పిల్లలతో బతికే కుటుంబానికి తుపాకీ రక్షణ కన్నా ప్రమాదమే ఎక్కువ.

ఇంటికి: తాళం కన్నా ముందు తలుపు

ఇంటి భద్రతకు పెట్టే మొదటి రూపాయి తలుపు మీద పెట్టాలి. చాలా ఇళ్లలో తాళం గట్టిదే, గొళ్లెం బలహీనం. దొంగ తాళం పగలగొట్టడు, అర అంగుళం మరలతో బిగించిన గొళ్లేన్ని ఇనుప కడ్డీతో ఊడబీకుతాడు. చౌకట్టులోకి రెండు మూడు అంగుళాలు దిగే మరలు వేయించడం, లేదా గొళ్లెం పట్టీని ఆర్పార్ బోల్టులతో బిగించడం కొద్ది ఖర్చుతో అయ్యే పని. ఫలితం మాత్రం ఎక్కువ.

తర్వాతివి వరుసగా ఇలా ఉండాలి. లోపలి వైపు పైన ఒకటి, కింద ఒకటి టవర్ బోల్టులు. బయట ఎవరున్నారో చూడటానికి డోర్ ఐ. సందు మాత్రమే తెరుచుకునేలా డోర్ చైన్. వీలైతే బయట ఇనుప జాలీ తలుపు. జాలీ తలుపు ఉంటే చెక్క తలుపు తెరిచినా మాట్లాడేవాడు బయటే ఉంటాడు. రాత్రి షిఫ్టు ఇళ్లకు ఇది బాగా ఉపయోగపడుతుంది. గ్యాస్, కొరియర్, మీటరు రీడింగ్ అంటూ వచ్చేవాళ్లతో జాలీలోంచే మాట్లాడే అలవాటు పిల్లలకూ నేర్పాలి.

తాళం కప్ప కొనేటప్పుడు బరువుతో పాటు కొండీ ఎంత బయటికి కనిపిస్తోందో చూడాలి. కొండీ పొట్టిగా, మందంగా ఉంటే కట్టర్ దూరదు. ఇంట్లో ఉండి వేసుకునేది, ఊరెళ్లేటప్పుడు వేసేది వేర్వేరు తాళాలు. బయట పెద్ద తాళం కప్ప వేలాడుతుంటే ఇంట్లో ఎవరూ లేరని దారిన పోయేవాడికి తెలిసిపోతుంది. తలుపులోనే ఇమిడే తాళం అయితే ఆ ఇబ్బంది ఉండదు.

సెన్సర్ లైట్: మెట్ల దగ్గర, గుమ్మం పైన మనిషి కదిలితే వెలిగే బల్బు కొన్ని వందల రూపాయలకు వస్తుంది. అద్దె ఇంట్లోనూ మామూలు హోల్డర్‌లో పెట్టుకోవచ్చు.

తలుపు అలారం: తలుపు తెరిస్తే మోగే, అయస్కాంతంతో పని చేసే చిన్న పరికరం. నిద్రలో ఉన్నవాళ్లను లేపుతుంది, వచ్చినవాడిని బెదరగొడుతుంది.

సీసీ కెమెరా: ఇది దొంగతనాన్ని ఆపకపోవచ్చు, సాక్ష్యం మాత్రం ఇస్తుంది. వైఫై లేకపోయినా మెమరీ కార్డులో రికార్డు అయ్యే రకం తీసుకోవాలి. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్‌ను మొదటి రోజే మార్చాలి. లేకపోతే మన ఇంటి దృశ్యాలు ఇతరుల చేతికి చిక్కుతాయి. కెమెరా మన గుమ్మాన్నే చూడాలి. ఆడవాళ్ల ఏకాంతాన్ని చిత్రీకరించడం సెక్షన్ 77 కింద నేరం కాబట్టి పక్కింటి కిటికీల వైపు, ఉమ్మడి స్నానాల గదుల వైపు తిప్పకూడదు.

దొంగల కోసం బిగించిన గ్రిల్ మనకే ఉరి కాకూడదు

సూరత్ మరిచిపోలేని తేదీ 2019 మే 24. సర్థానాలోని తక్షశిల ఆర్కేడ్‌లో మంటలు లేచి, పై అంతస్తులో కోచింగ్‌కు వచ్చిన విద్యార్థులు బయటపడే దారి లేక 22 మంది చనిపోయారు. కొందరు పైనుంచి దూకేశారు. ఇంటి భద్రతకు ఆ విషాదం నుంచి నేర్చుకోవాల్సింది ఉంది. బట్టల నగరంలో ఇళ్లలోనే చీరల మూటలు, దారాలు, లేసులు ఉంటాయి. ఇంట్లోనే చీరలకు రాళ్లు అతికించే పని చేసే కుటుంబాలూ ఎక్కువే. నిప్పు అంటుకుంటే నిమిషాల్లో వ్యాపిస్తుంది.

అందుకే కిటికీలన్నిటికీ కదలని గ్రిల్ వేయకూడదు. కనీసం ఒకదానికి లోపలి నుంచి తెరుచుకునే చిన్న తలుపు ఉండాలి. రాత్రి లోపల తాళం వేసుకునేవాళ్లు తాళం చెవిని తలుపు పక్కనే, బయటి నుంచి చేయి అందని చోట మేకుకు తగిలించాలి. ఇంట్లో అందరికీ ఆ చోటు తెలియాలి. నిద్రపోతున్న కుటుంబాన్ని లోపల ఉంచి, బయట తాళం వేసి షిఫ్టుకు వెళ్లే అలవాటు వెంటనే మానాలి.

చట్టం ఎంతవరకు అండగా ఉంటుంది?

2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 34 నుంచి 44 వరకు ఆత్మరక్షణ హక్కు గురించి చెబుతాయి. తన శరీరాన్ని, ఆస్తిని మాత్రమే కాదు, ఇతరుల శరీరాన్ని, ఆస్తిని కాపాడటానికీ ఈ హక్కు ఉంది.

దెబ్బ పడేదాకా ఆగనక్కర్లేదు. ప్రమాదం తప్పదన్న సహేతుకమైన భయం కలిగిన క్షణం నుంచే హక్కు మొదలవుతుంది. ఆ భయం పోగానే ముగుస్తుంది. చనిపోతామని, తీవ్ర గాయమవుతుందని భయం ఉన్నప్పుడు, అత్యాచారం, అపహరణ, యాసిడ్ దాడి వంటి సందర్భాల్లో ఎదుటివాడి ప్రాణం పోయినా చట్టం రక్షిస్తుందని సెక్షన్ 38 చెబుతోంది. దోపిడీ, సూర్యాస్తమయం తర్వాత ఇంట్లోకి చొరబాటు వంటి వాటిలో ఆస్తి రక్షణకూ ఇంత దూరం వెళ్లవచ్చని సెక్షన్ 41 అంటోంది.

హద్దులూ ఉన్నాయి. సెక్షన్ 37 ప్రకారం అవసరానికి మించి హాని చేయకూడదు. పోలీసుల సాయం తీసుకునే సమయం ఉన్నప్పుడు ఈ హక్కు వర్తించదు. ప్రాణభయంలో ఉన్న మనిషి ఎంత బలం వాడాలో త్రాసులో తూచినట్టు కొలవలేమని 2010లో దర్శన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. అదే సమయంలో, ఈ హక్కు కాపాడుకోవడానికే తప్ప పగ తీర్చుకోవడానికి కాదని కూడా చెప్పింది. పారిపోతున్న దొంగను పట్టుకుని, కట్టేసి కొడితే అది ఆత్మరక్షణ కాదు, నేరం. కొట్టినవాళ్ల మీదే కేసు పడుతుంది.

పెప్పర్ స్ప్రేకూ ఇదే సూత్రం. ఒక దుకాణం దగ్గర జరిగిన గొడవలో స్ప్రే వాడినవారు తమపై కేసు కొట్టివేయాలని కోరితే, 2024లో కర్ణాటక హైకోర్టు ఒప్పుకోలేదు. ప్రాణాపాయం కనిపించని చోట అది ఆత్మరక్షణ కిందికి రాదంది. స్ప్రేను ప్రమాదకర ఆయుధంగానే చూసింది. ఇరుగుపొరుగు తగాదాలో, పార్కింగ్ గొడవలో స్ప్రే తీస్తే చిక్కులు తప్పవు.

గ్రిల్‌కు, ప్రహరీకి కరెంటు తీగ చుట్టడం అన్నిటికన్నా ప్రమాదకరమైన పని. బిహార్‌లో ఒకరు తన మరుగుదొడ్డి చుట్టూ కరెంటు తీగ పెడితే పొరుగింటి మహిళ చనిపోయింది. 1963లో సుప్రీంకోర్టు అతని శిక్షను సమర్థించింది. అనుమతి లేకుండా వచ్చినంత మాత్రాన ఆ మనిషి ప్రాణానికి విలువ లేకుండా పోదన్నది ఆ తీర్పు సారం.

ఊరెళ్లే ముందు

బతుకమ్మకు, సంక్రాంతికి, ఎండాకాలం పెళ్లిళ్లకు సూరత్ తెలుగు కుటుంబాలు ఊరి బాట పడతాయి. దీపావళి సెలవుల్లో మార్కెట్లు, కార్ఖానాలు మూతపడి సగం నగరం ఖాళీ అవుతుంది. దొంగలకు అదే అదను. ఆంధ్రప్రదేశ్ పోలీసులు తాళం వేసిన ఇళ్లలో తాత్కాలికంగా కెమెరా పెట్టే ‘ఎల్‌హెచ్ఎంఎస్’ పద్ధతి తెచ్చారు. సూరత్‌లో ఉన్నవాళ్లు కనీసం దగ్గరి పోలీసు స్టేషన్‌లో, పక్కింటివాళ్లకు చెప్పి వెళ్లాలి. బంగారం బ్యాంకు లాకర్లో పెట్టాలి. ప్రయాణం ఫొటోలు తిరిగొచ్చాక పెట్టుకోవచ్చు.

ఎంత ఖర్చు, ఏ వరుసలో?

500 రూపాయల లోపు: ఈలలు, పొడవైన మరలతో గొళ్లెం గట్టి చేయించడం, ఫోన్‌లో ఎస్ఓఎస్ ఆన్ చేయడం. మొదటి ఆదివారమే చేయదగిన పని.

1,500 రూపాయల వరకు: పైవాటికి తోడు డోర్ చైన్, టవర్ బోల్టులు, టార్చి, బయటికి వెళ్లి పని చేసే ఆడవాళ్లకు ఒక పెప్పర్ స్ప్రే.

5,000 రూపాయల వరకు: సెన్సర్ లైటు, తలుపు అలారం, మెమరీ కార్డు కెమెరా. అద్దె ఇల్లయితే మారినప్పుడు వెంట తీసుకెళ్లగలిగేవే కొనాలి. జాలీ తలుపు ఖర్చు ఇంతకు మించుతుంది. యజమానితో మాట్లాడి పంచుకోవడం మంచిది.

డబ్బు పెట్టి కొన్న ఏ వస్తువైనా చేతికి అలవాటు కాకపోతే పనికిరాదు. ప్రభుత్వ బడుల్లో 6 నుంచి 12వ తరగతి అమ్మాయిలకు సమగ్ర శిక్షా కింద రాణీ లక్ష్మీబాయి ఆత్మరక్షణ శిక్షణ ఉంది. పిల్లల బడిలో అది జరుగుతోందా అని తల్లిదండ్రులు అడగవచ్చు.

ఏదైనా జరిగితే అది ఏ పోలీసు స్టేషన్ పరిధి అన్న సంకోచం అక్కర్లేదు. కొత్త నేర విచారణ చట్టం సెక్షన్ 173 ప్రకారం ఏ స్టేషన్‌లోనైనా ఎఫ్ఐఆర్ నమోదు చేయాల్సిందే. ఫోన్, ఆన్‌లైన్ ద్వారా ఇచ్చిన ఫిర్యాదుపై మూడు రోజుల్లో వెళ్లి సంతకం చేస్తే చాలు. నవజీవన్ రైలులో నందుర్బార్ దగ్గర జరిగిన ఘటనకు వరంగల్‌లో దిగాక కూడా ఫిర్యాదు ఇవ్వవచ్చు. వెంటపడుతున్నాడని చెబితే పరువు పోతుందేమో అని ఆగిపోయే ఇళ్లకు 181 నంబరు తలుపు వెనక చిరునామా పక్కనే రాసి ఉండాలి.